రెండు కండువాలు, ఒక పుంత

రెండొందల గజాల దారి కోసం నేను రెండు పార్టీల్లో చేరాను. లెక్కన పార్టీకి వంద గజాలు. అందులో ఒక్క గజం కూడా ఏ పార్టీ వేయలేదు. అసలు ఆ దారి ఎక్కడుందో అన్నేళ్ళూ తెలియనివాణ్ణి నేనే. తహశీల్దారు కార్యాలయంలో బీరువా మీద ఒక పాత పటంలో అది హాయిగా పడుకుని ఉంటే, నేను దాన్ని నాయకుల వాకిళ్ళలో వెతికాను. మా సంఘంలో ఇంత తెలివితక్కువ పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక రోజు ఉపవాసం ఉండేవాణ్ణి. చేసింది నేనే కాబట్టి రాసుకుంటున్నాను.

నేను పాస్టరుని. గణపవరంలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో వెళ్ళలేనన్న చోట దిగి నడిస్తే వచ్చే ఊరు మాది. కొల్లేటి అంచు. ఊళ్ళో సగం మంది చేపల చెరువుల్లో పనికి వెళ్తారు, మిగతా సగం వరి పండిస్తారు, అందరూ కలిసి బురద తొక్కుతారు. నా సంఘంలో వందకు లోపే కుటుంబాలు. మిగతా ఊరికి నేను పాస్టరుని కాకపోయినా, పిల్లవాడికి జ్వరం వచ్చినా, గేదె మేత ముట్టకపోయినా, 'అయ్యగారూ, ఒక్కసారి ప్రార్థన చేసి వెళ్ళండి' అనేవారు. గేదెకు తగ్గేది. ఆ పేరు నాకొచ్చేది.

మా సమాధుల తోట ఊరికి దక్షిణాన ఉంది. నేను కొత్తగా వచ్చినప్పుడు దాని చుట్టూ వరిచేలు. గట్టు మీద పెట్టె మోసుకుంటూ, పాట పాడుకుంటూ వెళ్ళేవాళ్ళం. చేలో కలుపు తీసే ఆడవాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా నడుము ఎత్తి నిలబడి దణ్ణం పెట్టేవారు. తర్వాత చేలు చెరువులయ్యాయి. ముందు ఒకటి, దాని పక్కన ఇంకొకటి. చివరికి మా తోటకు మూడు పక్కలా చేపల చెరువు, నాలుగో పక్క మురుగుకాలువ మిగిలాయి. వెళ్ళాలంటే చెరువు గట్టే దిక్కు. ఆ గట్టుకొక గేటు. ఆ గేటుకొక తాళం. ఆ తాళానికొక ఆసామి.

ఆసామిగారు చెడ్డమనిషి కాదు. ఎదురుపడితే మోటారుసైకిలు ఆపి, కాలు కింద పెట్టి పలకరించేవారు. ఆయనకున్నది ఒకటే పట్టింపు. చెరువు పట్టుబడికి వచ్చిందంటే, అంటే వలలు వేసి చేపను తీసి ఐసు పెట్టెల్లో లారీలకెత్తే రోజు దగ్గరపడిందంటే, ఆ గట్టు మీంచి శవం వెళ్ళకూడదు. వెళ్తే చేప చచ్చి తేలిపోతుందని ఆయన నమ్మకం. ఒకరి నమ్మకాన్ని ఎగతాళి చేసే వృత్తి కాదు నాది. కానీ ఆయనకు మూడు చెరువులు. ఏదో ఒకదానికి పట్టుబడి ఎప్పుడూ దగ్గరపడే ఉండేది.

మా సంఘంలో ఒక మామ్మగారు ఉంది. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని నలభై ఏళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అమ్మిన మనిషి. ఆవిడ భర్త పోయిన రోజున గేటు దగ్గర ఆసామిగారి మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎల్లుండి పట్టుబడండి అయ్యగారూ. ఈ రెండ్రోజులూ ఆపుకోమన్నారండి."

"పోయినాయన్ని ఆపుకోమంటే ఎలాగయ్యా?"

"అదేనండి. నేనూ అదే అడిగానండి. నీకెందుకురా అన్నారండి."

మురుగుకాలువ మీదుగా దోనెలో తీసుకెళ్దామన్న ఆలోచన నాదే. కాలువ నిండా గుర్రపుడెక్క. సగం దూరం వెళ్ళాక దోనె ఒరిగింది. పెట్టె జారి నీళ్ళలో పడింది. మా వాళ్ళు నలుగురు గొంతుల్లోతు దిగి, గుర్రపుడెక్క పీకి పీకి, పెట్టెను పైకి లేపి ఒడ్డుకు చేర్చారు. ఒడ్డు దగ్గర మోకాలిలోతు నీళ్ళలో దిగి నేనూ ఒక చెయ్యి వేశాను. మామ్మగారు ఏడవలేదు. అంతా అయ్యాక, తడిసిన నా పంచె వైపు చూస్తూ అంది.

"ఆయనకు ఈతొచ్చండి అయ్యగారూ. నాకు రాదు. నన్ను మాత్రం దారినే తీసుకెళ్ళండి."

"అలాగే మామ్మగారూ. మాటిస్తున్నాను."

మాటివ్వడం మాకు అలవాటే. వారం వారం ఇస్తూనే ఉంటాం. కానీ ఆ మాటలన్నీ పైవాడి తరఫున ఇచ్చేవి, నిలబెట్టే భారం ఆయనది. నా సొంత పూచీ మీద ఇచ్చిన మాట నాకు తెలిసి ఇదొక్కటే. అప్పటికి ఆవిడకు డెబ్బై ఎనిమిదో, ఎనభయ్యో. ఆవిడకే తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మండలానికి ఎన్నికలు వచ్చాయి. ఏలూరు నుంచి ఒక నాయకుడు మా గుడికి వచ్చాడు. ఆయన పార్టీ అప్పుడు అధికారంలో ఉంది. ఏ రంగు పార్టీ అని అడగకండి. రంగు చెప్తే మీరు దారి సంగతి మరిచిపోయి పార్టీ సంగతి పట్టుకుంటారు.

"ఫాదరుగారూ, మీ ఊరి నుంచి ఎంపీటీసీగా మీరు నిలబడాలి. మీరంటే అన్ని వర్గాలకూ గౌరవం," అన్నాడు.

"నేను ఫాదర్ని కాదండి, పాస్టర్ని. నాకు భార్యా పిల్లలు ఉన్నారు."

"ఏదైతేనేం ఫాదరుగారూ," అన్నాడాయన.

నేను దారి గురించి అర్జీ రాసి ఆయన చేతిలో పెట్టాను. ఇక్కడే నా మొదటి పెద్ద తెలివితక్కువతనం. మా గుళ్ళో ప్రతి ఆదివారం విశ్వాసులు చీటీల మీద తమ విన్నపాలు రాసి ఇస్తారు. కూతురికి సంబంధం కుదరాలని, బోరులో నీళ్ళు పడాలని, అత్తగారి మనసు మారాలని. ప్రతి చీటీ నేను చదువుతాను, పేరు పేరునా ప్రార్థన చేస్తాను, తర్వాత వారం 'ఏమైందమ్మా' అని అడుగుతాను. ఎవరైనా చీటీ తీసుకున్నారంటే ఆ భారం తీసుకున్నట్టేనని ముప్ఫయ్యేళ్ళ అలవాటు. నాయకుడు నా అర్జీని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. నాకు పని అయిపోయినంత ధీమా వచ్చింది. ఆ చొక్కా ఏ చాకిరేవుకు వెళ్ళిందో, నా అర్జీ ఏ సబ్బు నురగలో కలిసిందో.

వారంలోగా ఊరి గోడల మీద నా ముఖం వెలిసింది. ముప్ఫయ్యేళ్ళ పాస్టరుని మూడు రోజుల్లో పోస్టరునయ్యాను. ప్రచారం నాకు చేతకాలేదు. మా వాళ్ళు నన్ను ఇంటింటికీ తీసుకెళ్ళేవారు. ప్రతి ఇంట్లో కుర్చీ వేసేవారు, మజ్జిగ ఇచ్చేవారు, ప్రార్థన చేయమనేవారు. చేసి లేచేసరికి పావుగంట. ఓటు సంగతి మరిచిపోయి వీధిలోకి వచ్చాక గుర్తొచ్చేది. ఎదుటి అభ్యర్థి ఊరంతా రెండుసార్లు తిరిగేసరికి నేను మొదటి వీధి దాటలేదు. అయినా గెలిచాను. పాపం అయ్యగారు అనుకుని వేసి ఉంటారు. పాపం అన్న మాట నాకు వృత్తిరీత్యా బాగా పరిచయమే గానీ, అది ఇంత పనికొస్తుందని తెలియదు.

మండల సమావేశాల్లో ప్రతిసారీ లేచి సమాధుల తోట దారి అని మొదలుపెట్టేవాణ్ణి. పరిశీలనలో ఉంది అనేవారు. ఇలా మూడేళ్ళు పరిశీలనలోనే ఉంది. ఒకనాడు ఏలూరులో నాయకుణ్ణి ఇంటి దగ్గరే పట్టుకున్నాను.

"ఆసామి మనవాడే కదా ఫాదరుగారూ. పార్టీకి మొదటి నుంచీ ఉన్నవాడు. ఆయన మనసు కష్టపెడితే ఎలా? మెల్లగా మాట్లాడదాం."

మెల్లగా అంటే ఎంత మెల్లగానో చెప్పలేదు. మామ్మగారు మాత్రం ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నా పార్టీ కండువా అంచు పట్టుకుని అడిగింది.

"ఇది కప్పుకుంటే దారి వస్తుందన్నారు కదండీ. ఎంతదాకా వచ్చిందండీ?"

"వస్తోంది మామ్మగారూ."

"మీరు చెప్పే ప్రభువు రాకడ లాగే ఉందండి. వస్తోంది వస్తోందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను."

గుళ్ళో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకేం చేస్తాను.

ఈలోగా రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. తాడేపల్లిగూడెం నుంచి రెండో పార్టీ నాయకుడు కబురు పెట్టాడు. మా అత్తవారిది గూడెమే, కాబట్టి అల్లుడి హోదాలో భయం లేకుండా వెళ్ళాను. ఆయన ఆఫీసు ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో. బస్తాలు దించే లారీల మధ్యలోంచి వెళ్ళాలి. నేను లోపలికి వెళ్ళేసరికి కళ్ళలో నీళ్ళు. ఆయన అది చూసి కరిగిపోయాడు.

"బాధపడకండి బ్రదర్. మీకు జరిగింది అన్యాయం. దారి మేం వేస్తాం."

మొదటి పార్టీలో ఫాదర్ని, రెండో పార్టీకి వచ్చేసరికి బ్రదర్ని. పార్టీ మారితే వయసు తగ్గుతుందని అప్పుడే తెలిసింది.

"మీరు చేయాల్సింది ఒక్కటే బ్రదర్. మండలాధ్యక్షురాలి మీద అవిశ్వాస తీర్మానం పెడుతున్నాం. ఒక్క సంతకం తక్కువైంది."

ముప్ఫయ్యేళ్ళు విశ్వాసం బోధించిన చేత్తో అవిశ్వాసం మీద సంతకం పెట్టమంటున్నాడు. నేను ఆ రోజు పెట్టలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించానని చెప్పుకోవడం గౌరవంగా ఉంటుంది గానీ, నిజానికి నాకు నచ్చిన లెక్క ఒకటి కుదిరేదాకా కూర్చున్నాను. ఆ లెక్క ఇది: ఆసామిగారు మొదటి పార్టీ మనిషి. అందుకే వాళ్ళు ఆయన గేటు తీయించలేదు. నేను రెండో పార్టీలోకి వెళ్తే ఆయన అవతలి పక్షం అవుతారు. అప్పుడు వీళ్ళకు ఆయన మొహమాటం ఉండదు. గేటు తెరుచుకుంటుంది.

మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏవండీ, మారుమనస్సు పొందమని ఊరందరికీ చెప్తారు కదా. ఇది మారుమనస్సేనా, మారుపార్టీయా?"

"దారి కోసమే."

"దారి తప్పేవాళ్ళందరూ దారి కోసమే బయల్దేరతారండి," అంది, ఇంకో రాయి ఏరి పారేస్తూ.

సంతకం పెట్టాను. ఆ మండలాధ్యక్షురాలు నాకు ఏ కీడూ చేయలేదు. సమావేశాలకు నేను మోపెడ్ మీద ఎండలో వస్తే, ముందు అయ్యగారికి మంచినీళ్ళివ్వండి అని బంట్రోతుకు చెప్పేది. తీర్మానం నెగ్గిన రోజున కాగితాలు చూసి, నా వైపు తిరిగి నెమ్మదిగా అంది: "మీ దస్తూరీ ముత్యాల్లా ఉందండి పాస్టరుగారూ." తర్వాత బంట్రోతును పిలిచి నాకు మంచినీళ్ళు ఇప్పించింది. ఆ నీళ్ళు తాగడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

చేరికల సభ గూడెంలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. మేం కొత్తగా చేరేవాళ్ళం వరసలో నిలబడ్డాం. నాయకుడు ఒక్కొక్కరికీ కండువా కప్పి, భుజం తట్టి, ఫొటోకు తిరిగేవాడు. నా వంతు వచ్చింది. కప్పాడు, తట్టాడు, తిరిగాడు. నేను పక్కకు జరిగి నిలబడ్డాను. నా తర్వాతి మనిషి కండువా సర్దుకుంటూ వచ్చి నా పక్కనే నిలబడి, చల్లగా అన్నాడు.

"ఆయ్, మీరూ వచ్చేశారా అండీ పాస్టరుగారూ. మంచిపని చేశారు. ఒక ఊరివాళ్ళం ఒకచోటే ఉండాలండి."

ఆసామిగారు.

నేను ఆయన నుంచి తప్పించుకోవడానికి పార్టీ మారితే ఆయన నాతోపాటే మారాడు. ఇద్దరం ఒకే కారులో ఊరికి తిరిగొచ్చాం. కారు ఆయనదే. దారి పొడుగునా చేపల మేత ధర ఎంత పెరిగిందో చెప్పాడు. నేను దారి సంగతి ఎత్తబోతే, "మన పార్టీయే కదండీ ఇప్పుడు, మెల్లగా చూసుకుందాం," అన్నాడు. ఆ 'మెల్లగా' కూడా ఆయనతోపాటే పార్టీ మారి వచ్చింది.

ఆ ఆదివారం గుళ్ళో నా ముందు కూర్చున్న ముఖాల్లో నాకు రావలసిన తీర్పు కనపడింది. మొదటి పార్టీవాళ్ళు ఎడమ పక్కకు, రెండో పార్టీవాళ్ళు కుడి పక్కకు కూర్చున్నారు. మధ్యలో చాప ఖాళీ. ఇంతకుముందు ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చునేవారు. నా రాజకీయాల పుణ్యమా అని భార్యాభర్తలు ఒకే పక్కకు వచ్చారు. అదొక్కటే లాభం. మామ్మగారు ఆ ఖాళీ చాప మధ్యలోకి వచ్చి, చుట్టూ చూసి, అక్కడే కూర్చుంది. ఆరాధన అయ్యాక నా కొత్త కండువా వైపు ఒకసారి చూసి, దాని అంచు పట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ వానాకాలం ఆవిడకు జ్వరం పట్టుకుంది. ఏలూరు పెద్దాసుపత్రిలో చేర్చాం. మూడో రోజు నేను వెళ్ళేసరికి మంచం మీద పక్షి పిల్లంత అయిపోయి ఉంది. బయట వాన. మా ఊళ్ళో కాలువ నిండి ఉంటుంది. దోనె తప్ప ఇంకో దారి ఉండదు. ఆవిడా అదే ఆలోచిస్తోందని నాకు తెలుసు.

"కంగారు పడకండి అయ్యగారూ," అంది. "దారి పడేదాకా ఆగుతాను. కానీ మీరు మరీ తాపీగా ఉన్నారండి. నేను పెద్దదాన్ని."

ఆసుపత్రి మెట్లు దిగుతూ భుజం మీది కండువా తీసి మడిచి సంచిలో పెట్టాను. మూడో కండువా వెతకను, ఎవరి ఇంటికీ వెళ్ళను, ఎవరి జేబులోనూ అర్జీ పెట్టను అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక రెండు కండువాలూ మా ఆవిడకు ఇచ్చేశాను. ఆవిడ వాటిని వంటింట్లో వేడి గిన్నెలు దించే మసిగుడ్డలు చేసింది. పార్టీల్లో ఉన్నన్నాళ్ళూ అవి చేయని సేవ అక్కడ చేశాయి.

అప్పటి నుంచి ఆదివారం సంఘం, సోమవారం ఏలూరు. కలెక్టరేట్లో సోమవారం సోమవారం ప్రజల అర్జీలు తీసుకుంటారు. పొద్దున్నే ఆటోలో గణపవరం, అక్కణ్ణుంచి బస్సు, పాత బస్టాండులో ఒక ఇడ్లీ, తర్వాత వరసలో నిలబడడం. మొదటి సోమవారం రశీదు ఇచ్చారు. రెండో సోమవారం మళ్ళీ వెళ్ళి, మొదటి రశీదు చూపించి రెండో రశీదు తీసుకున్నాను. మూడో సోమవారం రెండు రశీదులూ చూపించాను. వర్షం వచ్చినా, గొంతు పోయినా, ఒకసారి పెళ్ళి జరిపించి అటు నుంచి అటే వెళ్ళినా, సోమవారం మాత్రం తప్పలేదు. కౌంటర్లో ఉండే గుమస్తా నాలుగో నెలకు నన్ను చూడగానే లేచి నిలబడేవాడు.

"పాస్టరుగారూ, మీరొస్తేగానీ మాకు సోమవారం అయినట్టు లేదండి."

"నాకు దారి వచ్చేస్తే మీకు వారం తప్పిపోతుందన్నమాట."

"ఆ మాట అనకండి. ఈసారి మీ మండలానికి గట్టిగా రాశారు. సర్వే చేయమన్నారండి."

నిజంగానే ఒక వారం తర్వాత తహశీల్దారు కార్యాలయం నుంచి ఒక కుర్ర సర్వేయరమ్మాయి మా ఊరికి వచ్చింది. నా కూతురంత వయసు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచింది, గేటు చూసింది, మా తోట చూసింది. మర్నాడు నన్ను ఆఫీసుకు రమ్మంది. బీరువా మీంచి బట్టకు అతికించిన పాత ఊరి పటం ఒకటి దింపి బల్ల మీద పరిచింది. దుమ్ముకు ఇద్దరం తుమ్మాం. ఒకచోట వేలు పెట్టింది.

"ఈ రెండు గీతలు చూశారా అయ్యగారూ? ఇది పుంత కదండీ."

మా వైపు పొలాల మధ్యలోంచి బళ్ళు వెళ్ళే దారిని పుంత అంటాం. ఊళ్ళో నుంచి మా తోట దాకా రెండు గీతలు వంకరలు పోకుండా వెళ్ళాయి. ఒకప్పుడు మేం పొలం గట్టనుకుని పెట్టె మోసుకెళ్ళింది, సన్నబడిపోయిన ఆ పుంత మీదే. చెరువులు తవ్వేటప్పుడు ఆసామిగారు దాన్నే ఎత్తు చేసి చెరువు గట్టుగా కలిపేసుకున్నారు.

"అయితే ఇది ఎవరిదమ్మా?"

"ఎవరిదీ కాదండి." ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి సర్దుకుంది. "అంటే, అందరిదీనండి."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. రెండు పార్టీలు, ఒక గెలుపు, ఒక అవిశ్వాసం, ఒక గ్లాసు మంచినీళ్ళు. ఇవేవీ అక్కర్లేకుండానే దారి బీరువా మీద ఉంది. అడిగితే దించేవాళ్ళు. నేను అడగలేదు.

తర్వాత కూడా పని తేలిగ్గా జరగలేదు. సర్వే రాళ్ళు పాతితే రాత్రికి రాత్రి రెండు మాయమయ్యాయి. నేను సోమవారం వెళ్ళాను. రాళ్ళు మళ్ళీ పాతారు. గేటు తీయమని నోటీసు ఇచ్చారు, తీయలేదు. నేను సోమవారం వెళ్ళాను. చివరికి ఒకనాడు పంచాయతీ ట్రాక్టరు వచ్చి గేటు పీకి పక్కన పడేసి, కంకర పోసి చదును చేసింది. మామ్మగారు అప్పటికి లేచి కర్రపట్టుకుని తిరుగుతోంది. "ఆగానా లేదా?" అంది నాతో.

ప్రారంభోత్సవానికి ముందు రోజు శిలాఫలకం వచ్చింది. మా ఆవిడ దాన్ని చూసొచ్చి నన్ను తీసుకెళ్ళింది. పైన గూడెం నాయకుడి పేరు, 'వీరి కృషితో' అని. దాని కింద 'స్థలదాత' అని పెట్టి ఆసామిగారి పేరు. అందరిదీ అయిన పుంతను ఆయన దానం చేశారట. సర్వేయరమ్మాయి పేరు లేదు. సోమవారాల పేరు ఎలాగూ ఉండదు.

"ఏవండీ, ఏమైనా అంటారా?" అంది మా ఆవిడ.

"అంటాను. కళ్ళు మూసుకుని అంటాను," అన్నాను.

మర్నాడు పదిగంటలకు జనం చేరారు. దారి మొదట్లో రెండు వెదురు కర్రలకు రిబ్బను కట్టారు. నాయకుడు కత్తెర పట్టుకుని నిలబడ్డాడు, పక్కనే ఆసామిగారు. నాయకుడు నా చెవిలో అన్నాడు.

"బ్రదర్, రెండు ముక్కల్లో ప్రార్థన చేసేయండి. ఉంగుటూరులో ఇంకో ప్రోగ్రాం ఉంది."

మా ప్రార్థనకు ఒక మర్యాద ఉంది. మొదలయ్యిందంటే అందరూ తల వంచి కళ్ళు మూసుకుంటారు. ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవరు, ఎవరూ ఆపరు. మంత్రిగారి ఉపన్యాసాన్ని ఆపినవాళ్ళను చూశాను గానీ, ప్రార్థనను మధ్యలో ఆపిన నాయకుణ్ణి ఇంతవరకు చూడలేదు. జనం కళ్ళు మూసుకున్నా ఓట్లు మేలుకునే ఉంటాయి.

ముందుగానే మామ్మగారితో ఒక్క మాట చెప్పి ఉంచాను. నేను అందరినీ కళ్ళు మూసుకోమన్నప్పుడు మీరు మూసుకోకండి అని.

మొదలుపెట్టాను. బీరువా మీది పటం కోసం స్తోత్రం చెల్లించాను. దుమ్ముకు తుమ్మినా పటం వదలని సర్వేయరమ్మాయి కోసం చెల్లించాను. ఈ పుంతను ఎవరూ దానం చేయనక్కర్లేకుండా మా తాతల కాలం నుంచీ అందరిదిగానే ఉంచినందుకు, సర్వే నంబరు చెప్పి మరీ చెల్లించాను. జనం స్తోత్రం అన్నారు. ఆసామిగారు కూడా అన్నట్టు వినపడింది. తర్వాత నా వంతు. ప్రభువా, దారి నీ దగ్గర ఉండగా నేను ఏలూరు వెళ్ళాను, గూడెం వెళ్ళాను, రెండు కండువాలు కప్పుకున్నాను, మంచినీళ్ళిచ్చిన చేతికి కీడు చేశాను, క్షమించు అన్నాను. అది మాత్రం నాయకుడి కోసం అన్నది కాదు.

ఒక కన్ను కొంచెం తెరిచి చూశాను. మామ్మగారు రిబ్బను కిందనుంచి వంగి దూరి, కర్ర పొడుచుకుంటూ దారి మీద సగం దూరం వెళ్ళింది. ఆవిడ నడక మెల్లగా ఉంది. నేను ప్రార్థన సాగదీశాను. ఊళ్ళో జబ్బుగా ఉన్న ప్రతివాళ్ళ పేరూ తలిచాను. వానల కోసం, వరి కోసం, కాలువలో గుర్రపుడెక్క పోవడం కోసం అడిగాను. ఆసామిగారి చెరువుల్లో చేప చల్లగా ఉండాలని, శీలావతికి వేరుగా, బొచ్చెకు వేరుగా, గడ్డిచేపకు వేరుగా ప్రార్థించాను. ఎండ ఎక్కుతోంది. నాయకుడి చేతిలో కత్తెర రెండుసార్లు చప్పుడు చేసింది. మామ్మగారు తోటలోకి వెళ్ళింది, భర్త రాయి దగ్గర కాసేపు నిలబడింది, తిరిగి బయల్దేరింది. ఆవిడ రిబ్బను దగ్గరికి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఆమేన్ అన్నాను.

నాయకుడు కళ్ళు తెరిచేసరికి రిబ్బనుకు అవతలి వైపు, తన ఎదురుగా, ఒక ముసలావిడ కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరండీ ఈవిడ? లోపలికి ఎలా వెళ్ళారు?"

"వెళ్ళడం కాదండి, వచ్చేస్తున్నానండి," అంది మామ్మగారు. "దారి బాగుంది. ఆయనకు చెప్పొచ్చాను. కొంచెం రిబ్బను తీస్తే బయటికొస్తానండి."

జనం నవ్వారు. కుడిపక్క వాళ్ళూ ఎడమపక్క వాళ్ళూ అందరూ. నాయకుడు కత్తిరించాడు. ఇంకేం చేస్తాడు. రెండు ముక్కలూ కింద పడగానే మామ్మగారు వాటి మీంచి అడుగేసి, ఆయనకు దణ్ణం పెట్టి, జనంలోకి నడిచి వచ్చేసింది.

మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వేశారు. సమాధుల తోట నుంచి నడిచి వస్తున్న ఒక మనిషికి వినయంగా దారి విడుస్తున్నట్టున్నాడు నాయకుడు. పునరుత్థానం గురించి ముప్ఫయ్యేళ్ళు నేను గుళ్ళో చెప్పలేనిది ఆ ఫొటో ఒక్క పూటలో చెప్పేసింది. పక్కన ఆసామిగారు నోరు తెరుచుకుని ఉన్నారు. ఒక మూలన నేను. ఆమేన్ ఎప్పుడో అయిపోయినా, ఆ ఫొటోలో నేనొక్కణ్ణే ఇంకా కళ్ళు మూసుకుని, తల వంచుకుని ఉన్నాను. ముఖంలోని నవ్వు దాచుకోవడానికి నాకు అంతకంటే గౌరవమైన పద్ధతి తోచలేదు.